పెరట్లో 10 పెట్టలకి గూడు: కొలతలు, సామాన్లు, వైజాగ్ తేమతో వచ్చే తంటా

పెందుర్తి_పెరడు
నమస్కారం అండీ. ఇంటి వెనక ఖాళీ ఉంది. తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 14 అడుగులు. పడమర మూల కొబ్బరిచెట్టు ఉంది. 10 గ్రామప్రియ రకం పెట్టలు పెంచుదామని ఉంది. గుడ్లకే, పుంజు అక్కర్లేదు. రాత్రి గూట్లో పడుకోవాలి, పగలు జాలీ లోపల తిరగాలి. ఎంత కట్టాలి, ఏ సామాను, రేకు ఏది మంచిది? ముంగిసలు బాగా తిరుగుతాయి. పక్కింటివాళ్లకి వాసన వెళ్లకూడదు.

ఊకబస్తా (గోపాలపట్నం)
ముందు కొలతలు తేల్చుకోండి, సామాను తర్వాత చూసుకోవచ్చు.

రాత్రి పడుకోవడానికి పెట్టకి 2 చదరపు అడుగులు చాలంటారు. కానీ మన దగ్గర వాన పట్టిందంటే రెండు మూడు రోజులు కోళ్లు బయటికి రావు. అందుకని పెట్టకి 3 అడుగులు లెక్కేసుకోండి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గూడైతే 32 చదరపు అడుగులు వస్తుంది, 10 పెట్టలకి సుఖంగా సరిపోతుంది. తిరిగే జాలీ పెట్టకి 8 నుంచి 10 అడుగుల చొప్పున 12×8 వేయండి.

8 అడుగుల పొడవు తూర్పు పడమరలకే ఉండాలి. పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ పొట్టి గోడల మీదే పడుతుంది. పొడుగు వైపులు ఉత్తర దక్షిణాలకి తెరిచి ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు మనకి గాలి నైరుతి నుంచి వీస్తుంది, అక్టోబర్ దాటాక ఈశాన్యానికి మళ్లుతుంది. రెండు కాలాల్లోనూ గాలి గూట్లోంచి దూసుకుపోతుంది.

గోడ నాలుగు వైపులా నేల నుంచి రెండున్నర అడుగులే. అందులో ఒక అడుగు పునాది ఎత్తు, పైన ఒకటిన్నర అడుగు పిట్టగోడ. దాని పైనంతా మెష్. చలికి వణికిపోతాయని, దొంగలొస్తారని చుట్టూ గోడ కట్టి చిన్న కిటికీ పెడతారు చూడండి, వైజాగ్‌లో అంతకంటే పెద్ద పొరపాటు లేదు. మన చలి కోడిని ఏమీ చెయ్యదు. తేమ, అమ్మోనియా కలిసి ఊపిరితిత్తులు పాడుచేస్తాయి.

కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు. గూడు తూర్పు చివర, జాలీ దానికి పడమరగా. మట్ట పడినా కాయ పడినా జాలీ మూల మీద పడుతుంది, రేకు మీద పడదు.

గాజువాక_వెల్డింగ్
ఫ్రేము, మెష్ సంగతి నేను చెప్తాను.

ఒకటిన్నర అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం. మామూలు ఇనప పైపుకి రెడాక్సైడ్ కొట్టి రంగేస్తే చాలంటారు గానీ సముద్రం గాలి తగిలేచోట అది లోపల్నుంచి తింటుంది. బయట రంగు బాగానే ఉంటుంది, ఒకరోజు వేలు పెడితే లోపలికి పోతుంది. ఏ పైపు వాడినా చివరలు మూతేయించాలి. తెరిచిన చివరలోంచే ఉప్పుగాలి పోతుంది. వెల్డింగ్ పెట్టిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి స్లాగ్ (వెల్డింగ్ మీద పేరుకున్న పెంకు) కొట్టి, వైరు బ్రష్ పట్టి, అదే రోజు జింక్ ప్రైమర్ వేయించండి. రేపు చూద్దాం అంటే పొద్దుటికి ఎర్రబడి ఉంటుంది.

మెష్ అరంగుళం గడి వెల్డ్ మెష్, 19 గేజ్ లేదా అంతకంటే లావు. షాపులో రెండు రకాలు ఉంటాయి. జింకు పూత తీగతో వెల్డ్ చేసింది ఒకటి, వెల్డ్ చేసేశాక మొత్తం జింకులో ముంచి తీసింది ఇంకోటి. తీగలు కలిసే చోట దగ్గరగా చూడండి. నల్లటి కాలిన చుక్క ఉంటే మొదటిది, ఆ చుక్కల దగ్గరే ముందు తుప్పు పట్టి తీగ విడిపోతుంది. కలిసే చోట తెల్లగా, కొంచెం నిండుగా జింకు పేరుకుని ఉంటే రెండోది. డబ్బు ఎక్కువైనా అదే తీసుకోండి.

ఆరు మూలల చికెన్ మెష్ కోడిని ఆపుతుంది, కుక్కని ఆపదు. పేరు చూసి మోసపోవద్దు.

మెష్‌ని ఫ్రేముకి బయటి వైపు బిగించాలి. బయటినుంచి ఏది తోసినా బరువు ఫ్రేము మీద పడుతుంది. లోపల బిగిస్తే ఒక్క తోపుకి స్క్రూలు ఊడొస్తాయి. ఆరంగుళాలకో సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ, దాని కింద వెడల్పు వాషర్. బైండింగ్ వైరుతో కట్టింది ఏడాదికి తెగుతుంది.

మేడమీద_మధురవాడ
ఇదంతా ఎందుకండీ, కాళ్ల మీద నిలబెట్టిన పంజరం, అడుగున మెష్ వేసేస్తే రెట్ట కిందికి రాలిపోతుంది కదా. ఊక గొడవే ఉండదు.

ఊకబస్తా (గోపాలపట్నం)
మేడ మీద నాలుగు కోళ్లకి అది తప్పదు, ఒప్పుకుంటాను. పెరట్లో చోటుండగా మాత్రం వద్దు. తీగ మీద రోజంతా నిలబడితే బరువైన కోళ్లకి పాదం కింద పుండు పడుతుంది, కుంటుతాయి. కింద పడ్డ రెట్ట తడిసి ఈగలు ముసురుతాయి. వాసన అక్కడినుంచే మొదలు. రాత్రి పిల్లులు, పందికొక్కులు కిందనుంచి గోళ్లు పెడతాయి. ఊక పొడిగా ఉంటే రెట్టని అదే ఎండబెట్టేస్తుంది.

భీమిలి_తీరం
పైకప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. గూడు కట్టేటప్పుడే దాన్ని గుర్తుపెట్టుకుని కట్టాలి.

ఒకవైపు వాలు చాలు. ఉత్తరం 7 అడుగులు, దక్షిణం 6 అడుగులు. 4 అడుగుల వెడల్పుకి ఒక అడుగు వాలు వస్తుంది, నీరు నిలవదు. నైరుతి జల్లు కొట్టేది దక్షిణం నుంచే కాబట్టి చూరు పల్లంగా ఉండాల్సింది అటే. పుస్తకాల్లో చూరు 3 అడుగులు బయటికి వదలమని ఉంటుంది. వానకి అది మంచిదే. తుఫాను గాలికి మాత్రం అంత చూరు తెరచాపలా లేస్తుంది. తీరానికి దగ్గరైతే దక్షిణం 2 అడుగులు వదిలి, మిగతాది పరదాతో సరిపెట్టుకోండి. పెందుర్తి లోపలికి ఉంది కాబట్టి 3 అడుగులు వదలొచ్చు, కానీ చూరు చివరనుంచి స్తంభానికి ఏటవాలుగా పైపు ఊతం పెట్టాలి.

జే హుక్కులు (రేకుని పైపుకి పట్టి ఉంచే కొక్కేలు) తారు వాషర్‌తో సహా, అంచుల్లో ఒక మడత వదిలి ఒక మడతకి, మధ్యలో మూడు మడతలకి ఒకటి. హుక్కు రేకు మడత పైభాగంలోనే దిగాలి. పల్లంలో కొడితే నీరు కారేది అక్కడే. స్తంభాలు 2 అడుగులు నేలలోకి, చుట్టూ కాంక్రీటు.

పరదా కట్టే తీరు చాలామంది తలకిందులు చేస్తారు. పై నుంచి కిందికి వదిలితే గాలి పూర్తిగా మూసుకుపోతుంది. పరదా కింద పిట్టగోడకి బిగించి, తాడుతో కిందనుంచి పైకి లాగాలి. పైన ఎప్పుడూ అడుగు జాగా తెరిచే ఉంచాలి. వేడి గాలి, అమ్మోనియా పోయేది దానిలోంచే.

తుఫాను హెచ్చరిక వస్తే జాలీ మీది వల, పరదా రెండూ విప్పేయండి. కోళ్లని గంపల కింద పెట్టి ఇంట్లోకి తెచ్చేయడమే. గూడు పోతే మళ్లీ కట్టుకోవచ్చు.

పెందుర్తి_పెరడు
బాగా అర్థమైంది అండీ. సామాను ఎంత పడుతుందో ఎవరైనా లెక్క కడితే మేస్త్రీతో మాట్లాడతాను. సరుగుడు కర్రలతో చేస్తే తక్కువలో అయిపోదా?

గాజువాక_వెల్డింగ్
గూటికి పైపు, జాలీకి సరుగుడు. అలా కలిపి చేసుకోండి. సరుగుడు గట్టిదే, కానీ నేలకి ఆనే చోట ముందు పుచ్చుతుంది, చెదలు కూడా అక్కడే ఎక్కుతాయి. జాలీ కర్ర ఒకటి పోతే మార్చేయొచ్చు. గూటి స్తంభం పోతే రేకు దించాలి. పాతే ముందు బెరడు తీసి కింద మూడడుగులు తారు పూయండి.

8×4 గూటికి లెక్క ఇదిగో:

పునాది చుట్టూ 24 అడుగులు, 9 అంగుళాల వెడల్పు గాడి, అడుగున 4 అంగుళాల 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు. దాని మీద నాలుగున్నర అంగుళాల గోడ. నేలలో అరడుగు, నేల పైన రెండున్నర అడుగులు. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు విరిగేవి కలుపుకుని 350. పరవాడ వైపు ఫ్లైయాష్‌కి కరువు లేదు కాబట్టి ఎర్ర ఇటుక జోలికి పోనక్కర్లేదు. కట్టే ముందు ఇటుకలు తడపండి.

లోపల పునాది ఎత్తుకి గ్రావెల్ పోసి దిమ్మిస చేసి, పైన 3 అంగుళాల 1:3:6 కాంక్రీటు నేల, తలుపు వైపుకి అంగుళం వాలు. గోడ లోపలి వైపు నున్నగా ప్లాస్టరింగ్. పగుళ్లు ఉంటే గోమార్లు (కోళ్ల రక్తం పీల్చే పురుగులు) అందులో కాపురం పెడతాయి. సిమెంటు అన్నిటికీ కలిపి 4 బస్తాలు.

జీఐ పైపులు 20 అడుగులవి 9. ఆరు స్తంభాలు (ఉత్తరానికి 9 అడుగులవి 3, దక్షిణానికి 8 అడుగులవి 3), పై పట్టీలు, 3 వాసాలు, 4 అడ్డ పట్టీలు, తలుపు చట్రం. కటింగ్‌లో పోయేది అందులోనే ఉంది. రేకులు 10 అడుగులవి 3, ఇవి ఉత్తర దక్షిణాలుగా పడతాయి. మెష్ 4 అడుగుల వెడల్పుది గూటికి 30 అడుగులు. ఉత్తరం వైపు ఎత్తు నాలుగున్నర అడుగులు కాబట్టి పైన అరడుగు పట్టీ వేరే కోసి వేయాలి.

రేకు మడతలకీ పట్టీకీ మధ్య సందు ఉంటుంది. అందరూ మర్చిపోయేది అదే. మెష్ ముక్కలు మడిచి ఆ సందులన్నీ కుక్కేయండి.

కంబాలకొండ_నీడ (ఆరిలోవ)
ఆ సందు మాట భలే చెప్పారండి. మా వైపు కొండ పక్కనే కదా, ముంగిస ఒక్కటే కాదు, పునుగుపిల్లి, అడవిపిల్లి, జెర్రిపోతు అన్నీ ఉంటాయి. పునుగుపిల్లి చెట్టెక్కి రేకు మీదకి దిగి పై సందులోంచి దూరతాది. ముంగిస పగలు వస్తాది, కన్నం దొరక్కపోతే తవ్వుతాది. పందికొక్కు సంగతి మరేటి చెప్పాలి, రాత్రికి రాత్రి సొరంగం తీసేస్తాది, ఆ సొరంగంలోంచే పాము వస్తాది.

జాలీ కింద ఇలా చేయండి. మెష్ నేల దగ్గర ఆపీకండి. ఎల్ ఆకారంలో బయటికి మడిచి ఒకటిన్నర అడుగు నేల మీద పరిచీండి. దాని మీద మట్టి, పైన రాళ్లు. తవ్వే జంతువు జాలీ మొదట్లోనే తవ్వుతాది, మెష్ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. నిలువుగా పాతడం కంటే ఇదే నయం, శ్రమ కూడా తక్కువ.

జాలీ చుట్టుకొలత గూడు గోడ పోను 36 అడుగులు. సరుగుడు కర్రలు 6 అడుగులకి ఒకటి. కింద 3 అడుగులు అరంగుళం మెష్, పైన 3 అడుగులు మామూలు చెయిన్‌లింక్ చాలు. కప్పుకి గద్దలు, కాకుల కోసం వల. ఫిషింగ్ హార్బర్ దగ్గర పాత చేపల వలలు దొరుకుతాయి, కానీ ఎండకి పెళుసెక్కిపోయినవి తీసుకోకండి. చేత్తో పట్టుకుని లాగినప్పుడు టప్‌మని తెగితే అది పనికిరాదు. వలని నేలదాకా వేలాడదీయొద్దు, పాములు చిక్కుకుంటాయి, కోళ్ల కాళ్లూ చిక్కుకుంటాయి.

తలుపుకి గడియ రెండుచోట్ల, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్క గడియే పెడితే కింద మూల వంగి సందు వస్తాది. సాయంత్రం కోళ్లు ఎక్కగానే మూసీండి, ఒగ్గేయకండి. ఎంత గట్టి గూడైనా తలుపు తెరిచి ఉన్న రాత్రే పోతాయి.

మేడమీద_మధురవాడ
రెండు కాళ్ల జంతువుకి తాళం కూడా.

కోడికూత
లోపలి అమరిక గురించి.

కోళ్లు వాలే కర్ర 2 అంగుళాల లావు సరుగుడు, బెరడు తీసి గరుకు కాగితంతో నున్నగా చేసినది. పీవీసీ పైపు వేయకండి, జారుతుంది. పెట్టకి 8 నుంచి 9 అంగుళాల చొప్పున 10 పెట్టలకి ఏడున్నర అడుగులు కావాలి. ఒకే కర్ర అయితే ఇరుకు, రెండు కర్రలు వేయండి. గోడకి మొదటి కర్ర అడుగు దూరం, రెండు కర్రల మధ్య అడుగుంబావు. రెండూ ఒకే ఎత్తులో, నేల నుంచి 2 అడుగులు. మెట్లలా పెడితే పై కర్ర కోసం ప్రతి సాయంత్రం కుమ్ములాటే. కర్రని శాశ్వతంగా బిగించకండి, యూ ఆకారం పట్టీలో పెట్టి పైకి లేపేలా ఉంచండి. గోమార్లు పగలు దాక్కునేది కర్ర చివర, పట్టీ కింద. రాత్రి టార్చి వేసి అక్కడ తెల్ల కాగితంతో రుద్దితే ఎర్ర గీత పడితే ఉన్నట్టే. కర్ర తీసి ఎండలో పెట్టి, పట్టీల్లో మరిగే నీళ్లు పొయ్యండి.

గుడ్ల పెట్టెలు 3 చాలు. ఒక్కోటి 12 అంగుళాల వెడల్పు, 12 లోతు, 14 ఎత్తు. ముందు 4 అంగుళాల అడ్డు పలక లేకపోతే గడ్డి, గుడ్డు రెండూ కింద పడతాయి. నేలకి అడుగు ఎత్తులో, వాలే కర్ర కంటే తప్పకుండా కిందే ఉండాలి. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని రెట్టేస్తాయి. పెట్టె పైకప్పు బాగా ఏటవాలుగా, లోపల చీకటిగా. పడమర గోడలో జాలీ తలుపు వస్తుంది కాబట్టి పెట్టెలు తూర్పు గోడకి, బయటినుంచి మూత తీసి గుడ్లు తీసుకునేలా. లోపల ఎండుగడ్డి.

జాలీలోకి వెళ్లే చిన్న తలుపు 12 అంగుళాల వెడల్పు, 14 ఎత్తు. అడుగు అంచు ఊక మట్టం కంటే ఎత్తుగా ఉండాలి.

పెందుర్తి_పెరడు
వాసన మాట ఎవరైనా చెప్పండి. పక్కింటి వంటగది కిటికీ ఇటే ఉంది.

ఊకబస్తా (గోపాలపట్నం)
పొడి ఊకకి వాసన ఉండదు, అంతే సూత్రం.

32 చదరపు అడుగులకి 4 అంగుళాల మందం వరి ఊక అంటే సుమారు 30 కిలోలు, అంటే రెండు మూడు బస్తాలు. ఊకే, తవుడు కాదు. రంపపు పొట్టు మరీ మెత్తగా ఉంటే దుమ్ము లేస్తుంది. వారానికి రెండుసార్లు తిరగేయాలి, వానాకాలంలో రోజు విడిచి రోజు. పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. చెయ్యి తెరవగానే రాలిపోతే బాగున్నట్టు, ముద్దలా నిలిచిపోతే తడెక్కువైనట్టు. గూట్లో కోడి ఎత్తుకి వంగి ఊపిరి పీల్చండి, కళ్లు మండితే ఆలస్యమైపోయింది. నిలబడి చూస్తే తెలియదు, అమ్మోనియా కోడికి తగిలేది నేల దగ్గర.

తడి ఎక్కడినుంచి వస్తుందో చూస్తే మూడు వంతులు నీళ్ల గిన్నె దగ్గరే. నీళ్లు గూట్లో పెట్టకండి. జాలీలో, ఇటుక అరుగు మీద, కోడి వీపు ఎత్తులో పెట్టండి. నిపుల్ (కోడి ముక్కుతో పొడిస్తే నీటి చుక్క వచ్చేది) అయితే 10 పెట్టలకి 3, ఇంకా శుభ్రం.

వాలే కర్ర కింద ప్లైవుడ్ పలక పెట్టి రోజూ గీకేస్తే సగం రెట్ట ఊకలో పడనే పడదు. ఆ రెట్ట మొక్కలకి పచ్చిగా వేస్తే మాడిపోతాయి. ఎండుటాకులతో కలిపి గుంటలో మాగబెట్టాలి.

ఆ కిటికీ ఏ దిక్కున ఉందో చూసుకోండి. గూటికి ఈశాన్యంలో ఉంటే ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి అటే తీసుకెళ్తుంది. అప్పుడు గూటిని రెండో చివరకి మార్చడం మేలు, కొబ్బరిచెట్టుకి దూరం కొలుచుకుని.

మందుల_సంచి
నేను టీకాలు, మేత వరకే చెప్తాను. ఒకరోజు వయసు పిల్లలు తెస్తే 5 నుంచి 7 రోజులకి లసోటా (కొక్కెర తెగులు టీకా) కంట్లో చుక్క, 14 రోజులకి గంబోరో జబ్బు టీకా, 28 రోజులకి మళ్లీ లసోటా, 6 వారాలకి మశూచి టీకా, 8 వారాలకి ఆర్2బి సూది. కొక్కెర తెగులుకి ఈ చివరి సూదే అసలు రక్ష. ఇది వేయించడానికి వారం ముందు నట్టల మందు తాగించండి. 28 రోజుల లసోటా నీళ్లలో ఇచ్చేటప్పుడు కుళాయి నీళ్లు వాడొద్దు, క్లోరిన్ టీకాని చంపేస్తుంది. బావి నీళ్లు గానీ, క్లోరిన్ లేని నీళ్లు గానీ తీసుకుని లీటరుకి 5 గ్రాములు వెన్న తీసిన పాలపొడి కలపండి. టీకా ఐసులో తెచ్చి, రెండు గంటల్లో తాగేలా ముందు కాసేపు దాహంతో ఉంచండి.

పిల్లల పెంపకం కొత్తయితే 6 వారాలు దాటినవి తెచ్చుకోవడమే నయం. ఏ టీకాలు పడ్డాయో అడిగి రాయించుకోండి.

రెట్టలో రక్తం పడి, కోడి రెక్కలు వేలాడేసి ముడుచుకుంటే రక్తపారుడు అయి ఉంటుంది. తడి ఊకతో వచ్చే జబ్బు ఇది. పశువైద్యశాలకి వెళ్లి మందు రాయించుకోండి, ఊక మార్చకుండా మందొక్కటే వాడితే తిరగబెడుతుంది.

మేత పెట్టకి రోజుకి 110 నుంచి 120 గ్రాములు. గుడ్డు పెట్టే ఈడు రాకముందే లేయర్ దాణా పెట్టకండి, అందులో సున్నం ఎక్కువ, లేత కోళ్ల మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుడ్లు మొదలయ్యాక ఆల్చిప్పల ముక్కలు విడిగా గిన్నెలో పెట్టండి, కావలసినంత అవే తింటాయి. బీచ్‌లో ఏరినవైతే మంచినీళ్లలో బాగా కడిగి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి నలగ్గొట్టాలి.

భీమిలి_తీరం
ఎండాకాలం మాట ఒకటి. గోనెలు తడిపి కట్టమని అందరూ చెప్తారు. పొడి ఎండ ఉన్న ఊళ్లలో అది పనిచేస్తుంది. వైజాగ్‌లో గాలే తడిగా ఉంటుంది కాబట్టి తడిపిన గోనె చల్లబడదు, గాలికి అడ్డం మాత్రం పడుతుంది. ఇక్కడ కావలసింది నీడ, గాలి. రేకు పైన సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయండి. లేదా రేకుకి అడుగు ఎత్తున షేడ్‌నెట్. ఆనప పాదు పాకించినా సరే, తీగ రేకుకి ఆనకుండా పందిరి కట్టండి. తాటాకు చల్లనే, కానీ ఎలుకలు గూడు పెడతాయి, దీపావళికి తారాజువ్వ పడిందంటే అంతే. సిమెంటు రేకు వేడి తక్కువ, అయితే ఆస్బెస్టాస్‌ది కోయకండి, ఆ దుమ్ము మనకే ప్రమాదం.

పెందుర్తి_పెరడు
రంగు రేకు, జీఐ పైపు ఖాయం చేసుకున్నాను. కిటికీ కొలిచి చూస్తే ఉత్తరం వైపు ఉంది, గూడు తూర్పు చివరే ఉంచుతున్నాను. కోళ్లు తెచ్చిన రోజే జాలీలోకి వదిలేయొచ్చా?

కోడికూత
వద్దు. మొదటి వారం గూట్లోనే ఉంచండి, చిన్న తలుపు తియ్యకండి. ఆ వారం మాత్రం మేత, నీళ్లు లోపలే పెట్టక తప్పదు, గిన్నె కింద పళ్లెం పెట్టి తడిసిన ఊక రోజూ ఎత్తేయండి. చీకటి పడ్డాక నేల మీద ముడుచుకున్న వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని కర్ర మీద కూర్చోబెట్టండి. నాలుగైదు రాత్రులకి అవే ఎక్కుతాయి. గుడ్ల పెట్టెలు మాత్రం గుడ్డు పెట్టే ఈడు వచ్చేదాకా గోనెతో మూసి ఉంచండి, లేకపోతే అవి పడకగదులే అవుతాయి. ముఖం, తల మీది జుట్టు ఎర్రబడి, దగ్గరికి వెళ్తే పెట్ట ఒంగి కూర్చోవడం మొదలెట్టాక గోనె తీసి, ఒక్కో పెట్టెలో పింగ్‌పాంగ్ బంతి వేయండి.

గాజువాక_వెల్డింగ్
స్తంభాల కాంక్రీటు వారం రోజులు తడిపాకే రేకు ఎక్కించండి. మేస్త్రీ మర్నాడే ఎక్కిద్దామంటాడు.